పొగాకు చేలో పొగ మానడం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మా పాప అడా నిద్రలో ఊపిరి అందక కొట్టుకుంటున్నప్పుడు నేను వెనక మెట్ల మీద కూర్చుని సిగరెట్ తాగుతూ ఉంటానేమోనని. తలుపు వేసి ఉంటుంది. పొగ లోపలికి పోకూడదని నేనే వేసి ఉంటాను. అందుకే నాకు వినపడదు.

మిగతా భయాలు నాకు చాలానే ఉన్నాయి. జ్వరం వస్తే భయం, రాకపోతే ఇంకా ఎందుకు రాలేదని భయం. వాటికి మందు లేదు. దీనికి మాత్రం ఉంది, అది నా చేతిలోనే ఉందని అడాని చూసిన డాక్టరు చెప్పింది. పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఇంట్లో ఎవరు తాగుతారు?" అని అడిగింది.

"ఇంట్లో ఎవరూ తాగరండీ. బయటికెళ్ళి తాగుతాం," అన్నాను, అదేదో గొప్పలాగా.

"తాగి వచ్చి పిల్లని ఎత్తుకుంటారు కదా? ఆ చొక్కాతోనే. ఆ జుట్టుతోనే."

అడా నా జడ కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను, మానేస్తున్నానని. మా ఇల్లు కెంటకీలో, లెక్సింగ్టన్ నుంచి కొండల వైపు పోయే దారిలో. మా ఆయన వేడ్, వాళ్ళ నాన్న హర్షెల్ కలిసి పొగాకు వేస్తారు. మామయ్య ఇల్లు మా ఇంటి పక్కనే, భోజనం మాత్రం మా దగ్గరే. మామయ్య అక్క ఓపల్ అత్త రోడ్డు అవతల ఉంటుంది. నేను చేలోకి వెళ్ళినప్పుడు అడాని చూసుకునేది ఆవిడే. కాబట్టి ఆవిడ భోజనమూ మా దగ్గరే, ఆవిడ సలహాలూ మా దగ్గరే.

చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె, టమాటా ముక్కలు బల్ల మీద పెట్టి కూర్చుని చెప్పాను. మామయ్య చెంచా కిందపెట్టాడు.

"మనం పండించేది మనమే తాగకపోతే ఇంకెవడు తాగుతాడే? రొట్టెలు కాల్చేవాడు నేను రొట్టె తిననన్నట్టుంది నీ వరస."

"నువ్వు ఊరుకో హర్షెల్," అంది ఓపల్ అత్త. "పిల్లా, నా మాట విను. వాళ్ళిచ్చే మందులూ మాకులూ ఏమొద్దు. మోకాళ్ళ మీద కూర్చుని దేవుణ్ణి అడుగు. ఒక్క రోజులో పోతుంది. నేను అలాగే మానా."

"నువ్వు మానింది పెట్టుడు పళ్ళు కట్టించుకున్నాకే కదే అక్కా! తెల్లటి పళ్ళకి మరకలు పడుతున్నాయని మానావు. దేవుడికెందుకు అంటగడతావు?"

"ఆ పళ్ళు పెట్టించుకోవాలన్న బుద్ధి ఇచ్చింది ఎవరు మరి?"

వేడ్ నవ్వు ఆపుకుంటూ రొట్టె తుంచాడు. వేడ్ సిగరెట్ తాగడు. పొగాకు పొడి దవడలో పెట్టుకుంటాడు. "నాలాగా దవడలో పెట్టుకో షెల్బీ. పొగా ఉండదు, గొడవా ఉండదు," అన్నాడు.

"నీలాగా కాఫీ కప్పులో ఉమ్ముకుంటూ తిరగమంటావా? మొన్న అడా ఆ కప్పు ఎత్తబోయింది, చూశావా?"

చూడలేదు. తల వంచుకుని తిన్నాడు. ఆ తర్వాత కప్పు కనపడలేదు. ఎక్కడ ఉమ్ముతున్నాడో నేను అడగలేదు.

కౌంటీ ఆరోగ్య కేంద్రంలో పొగ మానేవాళ్ళకి మందులు ఊరికే ఇస్తారు. అక్కడ నర్సు నా ముందు ఒక ట్రేలో అన్నీ పెట్టింది. రోజూ మింగే మాత్ర, నమిలే గమ్, చప్పరించే బిళ్ళ, ఒంటికి అతికించుకునే ప్యాచ్. ఏమీ వాడకుండా ఒక్కసారిగా మానేసేవాళ్ళు కూడా ఉన్నారంది. నేను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను, చెప్పులు కొనేటప్పుడు చూసినట్టు. నాకు ఏది సరిపోతుందో నాకే తెలియాలి కదా.

ఒక్కసారిగా మానడం అడా కడుపులో ఉన్నప్పుడు చేశాను. బడి కూడా అప్పుడే మానేశాను. బడి మళ్ళీ మొదలుకాలేదు గానీ, పిల్ల పుట్టిన కొద్దిరోజులకే సిగరెట్ మళ్ళీ మొదలైంది. కాబట్టి ఆ పద్ధతి నాకు నిలవదు. మాత్ర వేసుకుంటే కొందరికి పిచ్చిపిచ్చి కలలు వస్తాయని నర్సే చెప్పింది. నాకు కలలు మామూలుగానే పిచ్చివి వస్తాయి, వాటికి ఎరువు వేయడం దేనికి? ఇక గమ్, బిళ్ళ. పొగాకు చేలో పనిచేసేవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆకు జిగురు పట్టి, నల్లగా, తారు పూసినట్టు. ఆ చేత్తో నోట్లో ఏది పెట్టుకున్నా చేదు. ప్రతిసారీ ట్రాక్టరు దాకా పోయి చేతులు తోముకుని రావాలంటే ఎవరూ ఊరుకోరు. ప్యాచ్ అయితే పొద్దున అతికించుకుంటే రోజంతా దాని పని అది చేసుకుంటుంది. చేతులతో పని లేదు.

"ప్యాచ్ ఇవ్వండి," అన్నాను.

నర్సు ఇంకేమైనా పొగాకు నములుతానా, ముక్కుపొడి పీలుస్తానా అని అడిగింది. లేదన్నాను. గుండె జబ్బు ఉందా, కడుపుతో ఉన్నానా అని అడిగింది. లేదన్నాను. ఏం పని చేస్తావంది. పొలం పని అన్నాను. రాసుకుంది. ఆవిడది నది అవతల, అంతా మొక్కజొన్న వేసే వైపు. పొలం అంటే ఆవిడకి మొక్కజొన్న. మాకు పొలం అంటే పొగాకే. వేరే పంట వేసినవాడు అయితే పేరు చెప్తాడు గానీ, పొగాకు వేసినవాడు పొగాకు అని చెప్పడు. నేనూ చెప్పలేదు. చెప్పాలని తోచనేలేదు.

ఆగస్టు మొదట్లో తలలు తుంచే పని వచ్చింది. పొగాకు నా భుజం దాటి ఎదిగి, పైన గులాబీరంగు పూలు విరగబూస్తుంది. ఆ పూల తలలు చేత్తో తుంచేయాలి, లేకపోతే బలమంతా పూలకి పోయి ఆకు పలచబడుతుంది. ఎండ ముదరకముందే తుంచితే ఒంటికి హాయి, తల కూడా చటుక్కున విరుగుతుంది. అందుకని మేమంతా తెల్లవారగానే దిగుతాం. ఆకుల నిండా మంచు ఉంటుంది. సాలు సగం పూర్తయ్యేసరికి మోచేతుల దాకా, ఛాతీ దాకా తడిసి ముద్దవుతాం. నేను ఏళ్ళ తరబడి అలా తడిసినదాన్నే.

ప్యాచ్ పెట్టుకున్నాక అది మొదటి తుంచుడు. రెండో సాలు మధ్యలో ఉండగా నోట్లో నీళ్ళూరాయి. తర్వాత కడుపు తిప్పింది. చేను చివర కంచె పట్టుకుని, పొద్దున తిన్నదంతా కక్కేశాను. ఒళ్ళంతా చల్లటి చెమట. గుండె దడదడ కొట్టుకుంటోంది. కాళ్ళు నావి కావు.

మామయ్య నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయన మంచివాడు, కాకపోతే ఏ మంచి పనైనా కాస్త వెక్కిరించి చేస్తాడు.

"చూశావా, సిగరెట్ మానితే ఏమైందో! ఒళ్ళు అడుగుతోందే పిల్లా. అది అడిగింది ఇస్తే సర్దుకుంటుంది." జేబులోంచి పెట్టె తీసి, ఒకటి సగం బయటికి లాగి, నా ముందు పెట్టాడు. "ఒక్క దమ్ము లాగు. ఎవరికీ చెప్పనులే."

"నీ దగ్గరే పెట్టుకో మామయ్యా."

"మొహం చూసుకో, సున్నం కొట్టినట్టుంది."

"సున్నం కొట్టినా నాదే కదా మొహం. నేను మానేశాను అన్నానా లేదా?"

ఆయన ఆ సిగరెట్ తనే వెలిగించుకున్నాడు. నేను గాలికి ఎదురుగా జరిగి నిలబడ్డాను. మధ్యాహ్నానికి కాస్త తేరుకున్నాను గానీ అన్నం సహించలేదు.

ఓపల్ అత్త నన్ను కిందికీ పైకీ చూసింది. "ఏమే, మళ్ళీ ఏమైనా..."

"కాదు అత్తా!"

"అడిగితే తప్పేంటి? కక్కుళ్ళు, చెమటలు, మొహం పీక్కుపోవడం. నేను చూడని కడుపులా?"

"పొగ మానడం వల్ల వచ్చింది," అన్నాడు వేడ్. "ఆ ప్యాచ్ పడలేదు దీనికి." ఒక్కో మనిషీ ఒక్కో కారణం చెప్పారు. ఆకు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో చెప్తాను. తడి ఆకు ఒంటికి రాసుకుంటే కొందరికి జబ్బు చేస్తుందని మాకు తెలియక కాదు. మావైపు దాన్ని ఆకుదెబ్బ అంటారు. కానీ అది కొత్తవాళ్ళకి తగులుతుందని మా నమ్మకం. కాలేజీ సెలవుల్లో కూలికి వచ్చిన పట్నం కుర్రాళ్ళకి తగులుతుంది. మెక్సికో నుంచి కోతకి వచ్చే మనుషుల్లో మొదటిసారి వచ్చినవాళ్ళకి తగులుతుంది. వాళ్ళు కంచె దగ్గర వంగి కక్కుతుంటే మామయ్య ఈల వేసేవాడు. "పొగాకు ఇంట్లో పుట్టినవాడికి ఆకుదెబ్బ తగలదు. మా తాతకి తగల్లేదు, మా నాన్నకి తగల్లేదు, నాకు తగల్లేదు," అని చెప్పుకుంటాడు. మా అమ్మ వైపు వాళ్ళూ ఇదే మాట అంటారు. నేను రెండు వైపులా పొగాకు ఇంటిదాన్ని. నాకు ఆకుదెబ్బ అంటే కోడిపిల్లకి గింజలు పడలేదన్నట్టే.

ఆదివారం చర్చికి వెళ్ళాను. ప్యాచ్ ఒంటి మీదే ఉంది. ఏమీ కాలేదు. పాటలు పాడాను, ఆరుబయట భోజనాల్లో రెండుసార్లు వడ్డించుకున్నాను. అప్పుడే నాకు ఒక ఆలోచన చిన్నగా మెదిలింది. ప్యాచ్ పడకపోతే ఆదివారం ఎలా పడింది? కానీ అడా జామ్ రాసుకున్న చేతులతో పాదిరి గారి ప్యాంటు పట్టుకుంది. ఆ హడావిడిలో ఆలోచన జారిపోయింది.

తర్వాత వాన పడింది. వాన వెలిసిన పొద్దున మిగిలిన సాళ్ళు తుంచడానికి దిగాం. ఆ రోజు ఆకుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నాకు గుర్తున్నది తల మీద ఆకాశం ఒక పక్కకి వాలిపోవడం, అంతే. కళ్ళు తెరిచేసరికి వేడ్ నన్ను చేతుల మీద మోసుకుని పికప్ వైపు పరుగెత్తుతున్నాడు.

"తీసేయ్ ఆ ప్యాచ్. ఇప్పుడే తీసేయ్. నువ్వు సిగరెట్ తాగుతూ బతికుంటే నాకు చాలు షెల్బీ."

"అడాకి చాలదు కదా."

"నువ్వే లేకపోతే అడాకి ఏం మిగులుతుంది?"

ప్యాచ్ పీకేశాను. ఇంటికి వెళ్ళి ఒళ్ళు కడుక్కుని పడుకున్నాను. మధ్యాహ్నానికి కళ్ళు తిరగడం తగ్గింది. తగ్గాక సిగరెట్ గుర్తొచ్చింది. అలా ఇలా కాదు, దాహం వేసినట్టు.

అడా లోపలి గదిలో నిద్రపోతోంది. వేడ్ చేనుకి తిరిగి వెళ్ళాడు. మామయ్య తన పెట్టె మా వంటగది కిటికీలో మర్చిపోయాడు, లేదా మర్చిపోయినట్టు పెట్టాడు. నేను దాన్ని తీసుకుని వెనక మెట్ల మీద కూర్చున్నాను. మానడం నా వల్ల కాదని, నా ఒంటికి పడదని, అది తప్పు కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను. సిగరెట్ పెదాల మధ్య పెట్టుకున్నాను. అగ్గిపుల్ల కోసం జేబు వెతుక్కుంటున్నాను.

లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. బూరలో గాలి సరిగ్గా పోనప్పుడు వచ్చేలాంటి సన్నటి కూత. తలుపు గడియ సరిగ్గా పడలేదు, సందు ఉంది. ఆ సందులోంచి వినపడింది.

సిగరెట్ ఉమ్మేసి పరుగెత్తాను. అడా మంచం మీద లేచి కూర్చుని ఉంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. ఏడవడానికి కూడా గాలి చాలడం లేదు, నావైపు చూస్తోంది. ఇన్‌హేలర్‌కి మాస్క్ తగిలించి మొహానికి పెట్టాను. "పీల్చు బంగారం, పీల్చు, అదిగో, అంతే." కాసేపటికి ఆ కూత మెత్తబడింది. పెదాలకి రంగు వచ్చింది. నా మెడ మీద తల వాల్చింది. అప్పుడే నాలో ఏదో గట్టిపడింది. దాన్ని ఏమనాలో తెలియదు, మొండితనం అనుకోండి. నాకు మానడం పడకపోవడం అనేది ఉండదు. పద్ధతిలో ఏదో తప్పుంది, అంతే. తప్పు ఎక్కడుందో కనుక్కుంటే సరి.

డాక్టరుకి ఫోను చేశాను. అడాని మర్నాడు తీసుకురమ్మని, మళ్ళీ కూత మొదలైతే వెంటనే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళమని చెప్పింది. నా సంగతి కూడా చెప్పాను. మందుల షాపులో ఫార్మసిస్టుతో మాట్లాడమంది. అడాని పికప్‌లో కూర్చోబెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాను.

మందుల షాపులో కొరీన్ గారు ఉంటారు. పెద్దావిడ, ఫార్మసీ చదివి ఊళ్ళోనే ఉండిపోయారు. నేను చెప్పినదంతా విని, "ఏ రోజుల్లో వస్తోంది?" అని అడిగారు.

చెప్పడం మొదలుపెట్టాను. తలలు తుంచిన మొదటి రోజు. వాన వెలిసిన రోజు. ఆదివారం కాదు. ట్రాక్టరు నడిపిన రోజు కాదు. చెప్తూ చెప్తూ ఉండగా నా నోరు తనంతట తానే ఆగిపోయింది. కౌంటరు మీద ఉన్న నా చేతులు చూసుకున్నాను. గోళ్ళ చుట్టూ నల్లటి జిగురు.

"తడి ఆకులో ఉన్న రోజులే," అన్నాను.

"ఆకుదెబ్బ తగిలిందమ్మాయ్ నీకు."

"మాకు ఆకుదెబ్బ తగలదండీ. మాది పొగాకు ఇల్లు."

కొరీన్ గారు నవ్వలేదు. ఆవిడ ఇంటివాళ్ళూ పొగాకు వాళ్ళే. "మా నాన్న కూడా అదే అనేవాడు. మీ ఇంట్లో సిగరెట్ గానీ పొడి గానీ ముట్టకుండా చేలో దిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గుర్తు చేసుకో."

గుర్తు చేసుకున్నాను. మామయ్య తాత, మామయ్య నాన్న, మామయ్య, వేడ్. మా అమ్మ, మా అమ్మమ్మ, నేను. ఒక్కరు కూడా లేరు. అడా కడుపులో ఉండి నేను మానిన రోజుల్లో చేలోకే దిగలేదు.

"ఆకు మీద తడిలో నికోటిన్ కరిగి ఉంటుంది. చర్మంలోంచి లోపలికి పోతుంది. రోజూ తాగేవాడి ఒంటికి అది అలవాటు, అందుకని తెలియదు. అది మీ వంశం బలం కాదు, మీ సిగరెట్ పెట్టె బలం. నువ్వు సిగరెట్ మానేశావు, పైగా ప్యాచ్ అతికించావు. అదీ నికోటిన్‌ని లోపలికి పంపిస్తుంది, ఆకూ లోపలికి పంపిస్తుంది. రెండూ కలిసి నిన్ను పడేశాయి."

నాకు కోపం రావాలి నిజానికి. కానీ ఎంత హాయిగా అనిపించిందంటే, కౌంటరు మీదుగా వంగి ఆవిణ్ణి కౌగిలించుకున్నాను. నా ఒళ్ళు సిగరెట్ అడగలేదు. నా ఒళ్ళు చాలు చాలు అని మొత్తుకుంది. మేమంతా దాన్ని తలకిందులుగా విన్నాం.

ఆవిడ డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. ముగ్గురం కలిసి కొత్త పద్ధతి ఎంచుకున్నాం. ఆకులో పని ఉన్న రోజు ప్యాచ్ ఉండదు. మంచు ఆరేదాకా నేను చేలోకి దిగను. దిగినప్పుడు పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, తప్పదనుకుంటే రెయిన్‌కోటు. తడిసిన బట్టలు వెంటనే మార్చుకోవాలి. సిగరెట్ మరీ గుర్తొస్తే ఒక చిన్న బిళ్ళ చప్పరించాలి, అదీ ఒంట్లో బాగున్నప్పుడే. ఆకు పని లేని రోజుల్లో ఏం పెట్టుకోవాలో డాక్టరు చెప్పింది.

"బిళ్ళ నోట్లో పెట్టుకోవాలంటే చేతులకి జిగురు కదండీ. అందుకే కదా వద్దన్నాను."

"చేతులు శుభ్రంగా ఉన్నవాణ్ణి పెట్టమను," అన్నారు కొరీన్ గారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాను. మామయ్య చెంచా పక్కనపెట్టి, పళ్ళెం ముందుకి నెట్టాడు. ఆయన పళ్ళెం నెట్టడం మా ఇంట్లో వార్తే.

"అంటే మా నాన్నది గట్టి ఒళ్ళు కాదంటావు," అన్నాడు చివరికి.

"గట్టిదే మామయ్యా. తాగబట్టి తెలియలేదంటున్నా."

"అంటే నేను ఇన్నేళ్ళు ఆ కంచె దగ్గర నిలబడి వాళ్ళని చూసి ఈల వేసింది..."

"నీకు సిగరెట్ ఉంది, వాళ్ళకి లేదు. అంతే తేడా," అంది ఓపల్ అత్త, బీన్స్ వడ్డిస్తూ. "దేవుడు నీ నోరు మూయించడానికి ఎంత దూరం తిప్పి తెచ్చాడో చూడు హర్షెల్."

కోతలకి మనుషులు వచ్చిన మొదటి పొద్దున మామయ్య గేటుకి అడ్డంగా ట్రాక్టరు పెట్టాడు. మంచు ఆరేదాకా ఎవరూ లోపలికి పోవద్దన్నాడు. కోత మేస్త్రీ అడిగాడు, ఎందుకని. "నేను చెప్తున్నా కాబట్టి," అన్నాడు. కారణం చెప్పడానికి ఆయనకి ఇంకా నోరు రాలేదు. అందరూ చెట్టు కింద కూర్చుని కాఫీ తాగారు. వేడ్ వాచీ చూసుకుంటూ పచార్లు చేశాడు.

నేను పసుపుపచ్చ రెయిన్‌కోటు, వంటగది గ్లౌజులు వేసుకుని దిగాను.

"చేపలు పట్టడానికా?" అన్నాడు వేడ్.

"నీకే గాలం వేశా, పడ్డావుగా ఎప్పుడో."

మావైపు కోత అంటే పొగాకు చెట్టుని మొదలంటా నరికి, కర్రకి గుచ్చి, బండి మీద ఆకు ఆరబెట్టే కొట్టానికి, అంటే బ్యారన్‌కి తోలడం. బ్యారన్‌లో అడ్డదూలాల మీద కాళ్ళు చాచి నిలబడి, కిందివాడు పైవాడికి కర్ర అందిస్తూ కప్పు దాకా వేలాడదీస్తారు. నేను బండి తోలుతూ, ఎండ పడ్డాక గుచ్చే పనికి వచ్చాను. సిగరెట్ మరీ గుర్తొచ్చినప్పుడు వేడ్‌ని పిలిచేదాన్ని. వాడు నీళ్ళ డబ్బా దగ్గర చేతులు కడుక్కుని, బిళ్ళ విప్పి, "నోరు తెరువు," అనేవాడు. పక్షి పిల్లకి పెట్టినట్టు పెట్టేవాడు. కోత మనుషులు చూసి గోల చేసేవాళ్ళు. వాడి చెవులు ఎర్రబడేవి. కానీ ఒక్కసారి కూడా రానని అనలేదు. దవడలో పొడి కూడా తగ్గిస్తున్నాడు. నేను అడగలేదు, గమనిస్తున్నాను.

కోత అయిపోయేదాకా నేను ఒక్కసారి కూడా కక్కలేదు. సిగరెట్ ముట్టలేదు. బిళ్ళలు కూడా ఇప్పుడు అరుదుగానే. అడాకి జబ్బు పోయిందని చెప్పను, చలి మొదలైతే ఎలా ఉంటుందో చూడాలి. కానీ నేను పక్క గదిలో ఉన్నా, తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. దాని ఊపిరి నాకు వినపడుతుంది.

ఇక మామయ్య సంగతి. డాక్టరు చెప్పాక ఒక నియమం పెట్టాను: పొగ తాగిన చొక్కాతో ఎవరూ అడాని ఎత్తుకోకూడదు. మామయ్య రోజూ చొక్కా మార్చుకుని వచ్చేవాడు. ఒకరోజు అడా ఆయన మీసం వాసన చూసి, ముక్కు చిట్లించి, "తాతయ్య ఛీ," అంది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పిల్లని కింద దించి ఇంటికి వెళ్ళిపోయాడు.

పోయిన వారం ఆయన చొక్కా చెయ్యి మడిచినప్పుడు చూశాను. భుజం కింద, చర్మం రంగులో చిన్న చతురస్రం.

"మామయ్యా! ఎప్పటి నుంచి?"

"అరవకు. వేడ్ గాడికి తెలిస్తే ఊరంతా చెప్తాడు."

"ఆకులో దిగే రోజు పెట్టుకోనని మాటివ్వు. కొరీన్ గారు ఏం చెప్పారో విన్నావుగా!"

"విన్నాను. ఇప్పుడు ఆకు ఎండుతోంది. తడి ఎక్కడుంది?"

"పై చేను ఆలస్యంగా కోశాం. ఆ ఆకు ఇంకా పచ్చిగానే ఉంది. నువ్వు పై దూలం ఎక్కి సర్దుతావు. అక్కడ కళ్ళు తిరిగితే?"

"నాకా! నేను పొగాకు ఇంట్లో..." అని, మధ్యలో ఆపి, గొంతు సర్దుకున్నాడు. "సరే, సరే. పెట్టుకోను."

ఆ 'సరే'ని నేను నమ్మను. అడాని మళ్ళీ చంక ఎక్కించుకోవాలని తొందర ఆయనకి. మధ్యలో ఒక్క రోజు కూడా ప్యాచ్ తియ్యడు. ఆకు సర్దే పని వేరేవాళ్ళకి వదలడు.

మంగళవారం నేనూ వేడ్ అడాని లెక్సింగ్టన్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఓపల్ అత్త కూడా వస్తోంది, ఆపినా ఆగదు. మామయ్య ఒక్కడే ఉంటాడు. కాబట్టి ఇది చదివేవాళ్ళలో ఆ రోజు మా రోడ్డు మీదుగా వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే, వంతెన దాటాక ఎడమవైపు నల్ల బ్యారన్ దగ్గర కాస్త ఆగండి. పైకి చూసి, "హర్షెల్, ఒకసారి కిందికి దిగు," అని కేకేయండి. విసుక్కుంటాడు, పట్టించుకోకండి. మొహం తెల్లబడిందేమో, చెమట చల్లగా ఉందేమో చూడండి. చొక్కా చెయ్యి మడవమనండి. ప్యాచ్ కనిపిస్తే ఆ రోజుకి తీయించి, సబ్బుతో చేతులు కడిగించి, ఇంకా కళ్ళు తిరుగుతుంటే అంబులెన్సుకి ఫోను చేయండి. సిగరెట్ అడిగితే మాత్రం లేదని చెప్పండి. ఒక్క ఐదు నిమిషాలు ఆయన పక్కన కూర్చోండి.